సంఘము నోరు మూయబడిన విధము

పఠింపదగిన భాగములు: సామెతలు 31:1–9, నిర్గమకాండము 23:8



మద్యమునకు లోబడిన ఏలిక చట్టమును మరచి దీనులకు అన్యాయము చేయునని లెమూయేలు రాజునకు అతని తల్లి నేర్పెను. తాను త్రాగకపోయినను, మద్యమువలన వచ్చు ధనమునకు లోబడిన ఏలికయు అట్లే మరచును గదా!

మన రాష్ట్రములో ఈ పాఠమును మరల నేర్పినవారును స్త్రీలే. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు తమ ఊరి సారా దుకాణమును మూయించిరి. ఆ ఉద్యమము జిల్లాలన్నిటికి వ్యాపింపగా 1993 అక్టోబరు 1న సారా నిషేధమును, 1995లో సంపూర్ణ మద్యనిషేధమును వచ్చెను. 1997లో అది సడలింపబడెను. 2019లో ప్రభుత్వమే దుకాణములను చేపట్టెను. 2024 అక్టోబరులో 3,396 దుకాణములను లాటరీ వేసి ప్రైవేటువారికిచ్చిరి. ఒక్కొక్క దరఖాస్తుకు 2 లక్షల రూపాయలు, అవియు తిరిగి రానివి. పద్ధతులెన్ని మారినను, అనుమతిలేని బెల్టు షాపు పల్లెను విడువలేదు. లైసెన్సు దుకాణపు సీసాలనే తెచ్చి అది హెచ్చు ధరకు అమ్మును. చట్టము దానిని ఒప్పదు. నాయకుని అండయే దానిని నిలుపును. ఎన్నికలు వచ్చినప్పుడు ఆ నాయకునికి సీసాలును, వాటిని పంచు మనుష్యులును కావలెను.

తాడేపల్లిగూడెము ప్రాంతమందలి మా సంఘములో జరిగిన సంగతి సిగ్గుతో వ్రాయుచున్నాము. కోతల కూలి అంతయు బెల్టు షాపునకే పోవుచున్నదని మా పేట స్త్రీలు అర్జీ వ్రాసికొని వచ్చిరి. పెద్దలును మేమును సంతకము చేయక కొన్ని వారములు గడిపితిమి. ఏలయనగా, ఆ దుకాణదారునికి అండగా నున్న నాయకుడే మా మందిరమునకు రేకులు వేయించెను. లంచము చూపుగలవానిని గ్రుడ్డివానిగా చేయునని మేమే ప్రసంగించితిమి. అది మా నోటినికూడ మూసినది. తుదకు సంతకము చేసితిమి. దుకాణము ప్రక్క వీధికి మారినదేగాని మూతపడలేదు. అయినను ఆ స్త్రీలు ఇప్పుడు ఒంటరివారు కారు.

లెమూయేలు తల్లి అంతటితో ఆగలేదు. నోరులేనివారి పక్షమున నోరు తెరువుమని కుమారునికి ఆజ్ఞాపించెను. కాబట్టి మందిరమునకు వచ్చు కానుకను పుచ్చుకొనకముందే, అది రేపు మనలను దేనివిషయమై మౌనముగా నుండుమనునో విచారింతము. ఓటునకిచ్చు సీసాను, నోటును త్రోసివేయుదము. త్రాగుడులో చిక్కినవానిని వెలివేయక, చేయిపట్టి లేవనెత్తుదము.

ఆలోచించుడి: మన ఊరిలో ఎవరి కన్నీటి అర్జీ మన సంతకముకొరకు కనిపెట్టుచున్నది?