బ్రాండ్ ఆగినా బిళ్ల ఆగకూడదు: పాత డిప్రెషన్ మందుకు జెనెరిక్ తయారయ్యే తీరు

అమిట్రిప్టిలిన్ అనే డిప్రెషన్ మందుకు 1961లో అమెరికాలో అనుమతి వచ్చింది. మెర్క్ కంపెనీ దాన్ని ఎలవిల్ పేరుతో అమ్మింది. ఇప్పుడు అక్కడ ఎలవిల్ దొరకదు, అమిట్రిప్టిలిన్ మాత్రం దొరుకుతోంది. డిప్రెషన్‌కే కాక నరాల నొప్పికీ, మైగ్రేన్ రాకుండా ఉండడానికీ డాక్టర్లు నేటికీ దీన్ని రాస్తున్నారు. సొంత కంపెనీ వదిలేసిన మందును జెనెరిక్ తయారీదారులు, అంటే అదే మందును చేసే వేరే కంపెనీలు, ఎలా నిలబెడతారో వరసగా చూద్దాం.

1. ఎందుకు ఆగిందో తేల్చడం

మందు ఆగిపోవడానికి కారణాలు రెండు రకాలు. ఒకటి, మందు వల్లే హాని జరగడం. నోమిఫెన్సిన్ అనే డిప్రెషన్ మందు కొందరిలో రక్తకణాలను దెబ్బతీసి తీవ్రమైన రక్తహీనత తెచ్చింది. 1986లో దాన్ని ప్రపంచమంతటా వెనక్కి తీసుకున్నారు. రెండోది వ్యాపారం. పేటెంట్ గడువు తీరి ధర పడిపోతుంది. ప్రొజాక్ లాంటి కొత్త తరం మందులు వస్తాయి. పాత బ్రాండు మీద కంపెనీకి ఆసక్తి పోతుంది.

అందుకే బ్రాండు ఆగిన మందుకు జెనెరిక్ చేయాలంటే, భద్రత విషయంలో గానీ పనితీరులో గానీ లోపం వల్ల అది ఆగలేదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ముందుగా నిర్ధారించాలి. నెఫాజొడోన్ అనే మరో డిప్రెషన్ మందు సంగతి గుర్తుంచుకోదగ్గది. కాలేయం దెబ్బతినే ప్రమాదం ఉందని 2002లో దాని మీద అతి గట్టి హెచ్చరిక చేర్చారు. 2004లో బ్రిస్టల్ మయర్స్ స్క్విబ్ తన సెర్జోన్ బ్రాండును అక్కడ ఆపేసింది. ఆ హెచ్చరికతోనే జెనెరిక్ నెఫాజొడోన్ మాత్రం కొనసాగింది.

2. దేనితో పోల్చాలో నిర్ణయించడం

అమెరికాలో 1984 నాటి హ్యాచ్-వాక్స్‌మన్ చట్టం వల్ల జెనెరిక్ కంపెనీ వేలాది రోగుల మీద మళ్లీ ప్రయోగాలు చేయనక్కర్లేదు. తన బిళ్ల మూలమందుతో సమానమని రుజువు చేస్తే చాలు. మూలమందే మార్కెట్లో లేనప్పుడు, అనుమతి ఉన్న ఇతర బిళ్లల్లోంచి పోలికకు ఒకదాన్ని ఎఫ్‌డీఏ ఎంచి చెబుతుంది.

3. బల్క్ డ్రగ్ తయారీ

అసలు మందు పుట్టేది రియాక్టర్లలో. అమిట్రిప్టిలిన్‌కు కీలకమైన ముడిసరుకు డైబెంజోసుబెరోన్. దీన్ని గ్రిగ్నార్డ్ చర్యకు (మెగ్నీషియం సమ్మేళనంతో కొత్త కార్బన్ బంధం కలిపే చర్యకు) గురిచేస్తారు. ఈ దశలో తేమ అసలు తగలకూడదు, తగిలితే చర్య దెబ్బతింటుంది. తర్వాత వచ్చిన పదార్థంలోంచి నీటి అణువును తొలగించి, హైడ్రోక్లోరైడ్ లవణంగా మార్చి, స్ఫటికాలు కట్టించి, వడకట్టి ఆరబెడతారు. చర్యలో పాల్గొనకుండా మిగిలిన డైబెంజోసుబెరోన్ అనుమతించిన మోతాదు దాటలేదని ల్యాబ్‌లో చూస్తారు.

ఈ విద్యలో తెలుగు నేలకు పాత అనుభవం ఉంది. 1960ల్లో హైదరాబాద్ బాలానగర్‌లో వచ్చిన ప్రభుత్వ రంగ మందుల సంస్థ ఐడీపీఎల్ కర్మాగారం కెమిస్టుల తరాన్నే తయారుచేసింది. మందుల విషయంలో తయారీ పద్ధతికి మాత్రమే పేటెంట్ ఇచ్చిన 1970 పేటెంట్ల చట్టం వాళ్లకు దారి తెరిచింది. ఐడీపీఎల్‌లో పనిచేసిన కల్లం అంజిరెడ్డి 1984లో స్థాపించిన డాక్టర్ రెడ్డీస్, 2001లో ప్రొజాక్ జెనెరిక్ ఫ్లుయోక్సెటిన్‌ను 40 మిల్లీగ్రాముల మోతాదులో అమెరికాలో విడుదల చేసింది.

4. బిళ్లగా మార్చడం

చిన్న బిళ్లలో మందు 10 మిల్లీగ్రాములే. మిగిలినదంతా లాక్టోజ్, సెల్యులోజ్, స్టార్చ్ లాంటి నింపుడు పదార్థం. పిండిలో చిటికెడు పసుపు సమంగా కలపడం ఎంత కష్టమో ఇదీ అంతే. సరిగా కలవకపోతే ఒక బిళ్లలో మందు ఎక్కువ, మరోదానిలో తక్కువ పడుతుంది. అందుకే పొడిని కలిపి, గుళికలు చేసి, ఆరబెట్టి, జల్లించి, అప్పుడు పంచింగ్ యంత్రానికి పంపుతారు. మందు చేదు తెలియకుండా పైన పలుచని పూత వేస్తారు. ప్రతి బ్యాచ్‌లోంచి కొన్ని బిళ్లలు తీసి, ఒక్కోదానిలో మందు ఎంతుందో విడివిడిగా కొలుస్తారు.

5. సమానమని రుజువు చేయడం

ఆరోగ్యవంతులైన వాలంటీర్లకు కొత్త బిళ్ల ఒకసారి, పోలిక బిళ్ల ఒకసారి ఇచ్చి, గంటల వారీగా రక్తం తీసి పరీక్షిస్తారు. అమిట్రిప్టిలిన్ ఒంట్లోంచి నెమ్మదిగా పోతుంది కాబట్టి రెండు విడతల మధ్య తగినంత ఎడం ఉండాలి. రక్తంలో చేరిన గరిష్ఠ మోతాదునూ, మొత్తం మోతాదునూ పోల్చినప్పుడు, ఆ నిష్పత్తుల 90 శాతం విశ్వాస అవధి (అసలు నిష్పత్తి ఉండగలదని లెక్క చెప్పే శ్రేణి) పూర్తిగా 80 నుంచి 125 శాతం మధ్యనే ఉండాలి. దీన్ని చూసి మందు 20 శాతం తగ్గినా ఒప్పుకుంటారని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. అవధి అంతా ఆ హద్దుల్లో ఇమడాలంటే సగటు తేడా చాలా తక్కువగానే ఉండాలి.

మరోపక్క బిళ్లలను 40 డిగ్రీల వేడిలో, 75 శాతం తేమలో ఆరు నెలలు ఉంచి పాడవుతున్నాయేమో చూస్తారు.

6. షాపు దాకా చేర్చడం

అనుమతి వచ్చినంత మాత్రాన మందు దొరుకుతుందన్న హామీ లేదు. లాభం పలుచబడితే తయారీదారులు ఒక్కొక్కరే తప్పుకుంటారు. ముడిసరుకు ఇచ్చేవారు ఒకరిద్దరే మిగిలితే, అక్కడ ఒక్క రియాక్టర్ ఆగినా కొరత మొదలవుతుంది. మన దేశంలో అమిట్రిప్టిలిన్ జాతీయ అత్యావశ్యక మందుల జాబితాలో ఉంది, దాని ధరకు గరిష్ఠ పరిమితి ఉంది. ధరతోపాటు సరఫరా మీద కూడా ప్రభుత్వం కన్నేసి ఉంచాలి. చవక మందు కనబడకుండా పోతే ముందు నష్టపోయేది పేదవాడే.

మీరు వాడే బ్రాండు దొరకకపోతే ఉన్నట్టుండి బిళ్లలు మానేయకండి. వికారం, తలనొప్పి, నిద్రలేమి రావచ్చు, జబ్బూ తిరగబెట్టవచ్చు. స్ట్రిప్పు మీద పెద్ద అక్షరాల్లో ఉండే జెనెరిక్ పేరును చీటీ మీద రాసి పెట్టుకోండి. స్టాకు అయిపోకముందే డాక్టరుకు చూపించండి, జన ఔషధి కేంద్రంలోనూ అడగండి. కంపెనీ మారాక ఒంట్లో తేడా తెలిస్తే వెంటనే డాక్టరుకు చెప్పండి.