చక్రము తొక్కిన నేల



పొలమునకు పోవు డొంక ఇరుప్రక్కల చేలకంటె పల్లముగా ఉండుట మీరు ఎరిగినదే. తరతరాలుగా బండ్లు నడచి గాడి పడినది. ఆ గాడి వెంట వాననీరు పారి మట్టిని కోసికొనిపోయినది. దారి ఒక్కచోట ఉన్నంతకాలము నష్టము ఆ ఒక్కచోటనే ఉండును. బురదకు వెరచి బండివారు ప్రక్కకు తప్పుకొన్నచో రెండవ గాడి, దాని ప్రక్కన మూడవది పుట్టును.

ఇట్టి చిక్కే అమెరికా దేశపు రక్షితారణ్యములలోను, ఎడారులలోను పెద్దయెత్తున వచ్చినది. కాలిఫోర్నియాలోని మొహావీ ఎడారి ఇందుకు మంచి ఉదాహరణము. రెండవ ప్రపంచ యుద్ధకాలమున, 1942లో, జనరల్ ప్యాటన్ అచ్చట సేనలకు శిక్షణ కేంద్రము నెలకొల్పెను. 1944లో దానిని మూసివేసిరి. ఎనుబది ఏండ్లు గడచినను నాటి టాంకుల జాడలు కొన్నిచోట్ల నేటికిని కంటికి కనబడుచున్నవి. తరువాతి కాలమున వినోదమునకై మోటారు సైకిళ్లు, జీపులు దారి విడిచి తిరుగసాగినవి.

జాడ ఏల చెరగదు? మట్టి రేణువుల నడుమ సందులున్నవి. నీరు ఇంకుటయు, వేరు దిగుటయు, గాలి ఆడుటయు ఆ సందులలోనే. చక్రపు బరువునకు అవి మూసికొనిపోవును. తిరిగి తెరచుకొనుటకు తడియుట, ఆరుట, వేళ్లు దూరుట, పురుగులు తొలుచుట కావలయును. మొహావీలో వాన మిక్కిలి తక్కువ, మొక్కలు దూరదూరముగా ఉండును. కనుక బాగుగా అణగిన నేల పూర్తిగా కోలుకొనుటకు 100 ఏండ్లు పట్టునని అంచనా.

మరియొక నష్టము పైకి కనబడదు. ఆ ఎడారి మట్టి మీద నాచు, సూక్ష్మజీవులు కలసి పలుచని పెచ్చు కట్టును. అందులో నీలి ఆకుపచ్చ నాచు ముఖ్యము. వరిమడిలో గాలిలోని నత్రజనిని పట్టియిచ్చు నాచు దీని బంధువే! అది ఇసుకను పట్టియుంచి, నేలకు నత్రజని నిచ్చును. ఒక్కమారు చక్రము పోయిన చాలును, పెచ్చు చితికి మట్టి గాలికి లేచును.

అందుచేత 1964 నాటి అరణ్య చట్టము తన క్రిందికి వచ్చిన ప్రాంతములలో మోటారు బండ్లను నిషేధించినది. 1972లో అధ్యక్షుడు నిక్సన్, ప్రభుత్వ భూములలో బండ్లు ఎచ్చట తిరుగవచ్చునో, ఎచ్చట కూడదో గుర్తింపవలసినదని ఉత్తరువు చేసెను. బండ్లవారికిది రుచింపలేదు. అయినను శాస్త్రము ఉత్తరువు వైపే ఉన్నది. ఏలనన, అణగుటలో అధిక భాగము మొదటి కొద్దిమార్లు నడచినప్పుడే జరిగిపోవును. పదవమారు, ఇరువదవమారు కలుగు అదనపు నష్టము స్వల్పము. పది బండ్లు ఒకే జాడలో పోవుట మేలు, పది జాడలలో పోవుట కీడు.

ఈ లెక్క మన చేలకును చెల్లును. ట్రాక్టరును, నిండు తొట్టిని, కోత యంత్రమును చేనంతట తిప్పక, ఒక అంచున దారి నిర్ణయించి అందే నడిపింపుడు. నేల తడిగా ఉన్నప్పుడు అసలే దింపవలదు. పొడినేల మోయగల బరువును తడినేల మోయజాలదు. టైరులో గాలి తగ్గించిన పైమట్టికి కొంత మేలే గాని, లోతున గట్టిపడుట ఇరుసు మీది మొత్తము బరువును బట్టి యుండును. నల్లరేగడి వేసవిలో నెఱ్ఱెలు విచ్చి కొంత తనంతట తానే గుల్లబారును. చల్క నేలకు ఆ గుణము లేదు, కావున చల్క రైతు మరింత జాగ్రత్తపడవలెను.

మీ చేనిలో గట్టిపొర ఉన్నదా యని చూచుట సులభము. మంచి వాన కురిసిన రెండు మూడు దినములకు సన్నని ఇనుప ఊచను చేతితో నేలలో గ్రుచ్చుడు. బండి తిరిగిన చోటను, తిరుగని గట్టు ప్రక్కను పోల్చి చూడుడు. జానెడు లోపుననే ఊచ ఆగినచో గట్టిపొర ఉన్నట్లే. దానిని వేసవిలో, నేల పొడిగా ఉన్నప్పుడు లోతు నాగలితో పగులగొట్టవలెను. తడిలో దున్నిన పొర పగులదు, నున్నగా మెత్తినట్లగును.