జొన్నరొట్టెకు తోడు ఏమిటి? - నగర కుటుంబానికి ఒక ఆహార పాఠం

బళ్లారి జిల్లా సండూరు తాలూకాలోని చోరనూరు ప్రాంతంలో మెట్ట సేద్యమే ఎక్కువ. వాన మీద ఆధారపడిన పొలాలలో జొన్న, సజ్జ, కొర్ర, వేరుశనగ, కంది, అలసంద తరతరాలుగా పండుతూ వచ్చాయి. తెలుగు, కన్నడం రెండూ వినిపించే ఈ ఎల్లసీమలో ఒక తరం క్రితం వరకు భోజనమంటే జొన్నరొట్టె లేదా సంగటి. దానికి తోడు పప్పో, పుంటికూరో, గురెళ్ళ పొడో, గిన్నెడు మజ్జిగో. వరి అన్నం పండుగనాటి వంట. పెండ్లిలో అన్నం వడ్డించారా, రొట్టె పెట్టారా అన్నదానిని బట్టి ఇంటి స్థితిని అంచనా వేసిన రోజులున్నాయి.

ఆ పల్లెల నుండి, ఎల్లకు ఆవలి కర్నూలు, అనంతపురం సీమల నుండి పని వెదుక్కుంటూ నగరానికి చేరిన అనేక కుటుంబాలలో నేడు మూడు పూటలా వరియే కనిపిస్తుంది. ఉదయం ఇడ్లీ లేదా ఉగ్గాని, మధ్యాహ్నం అన్నం, రాత్రి మిగిలిన అన్నం. ఈ మార్పుకు కారణాలు స్పష్టమే. 1953లో తుంగభద్ర ఆనకట్ట పూర్తయిన తరువాత కాలువల కింద వరి విస్తరించింది. 1983లో నందమూరి తారక రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పథకాన్ని ఆంధ్రప్రదేశ్‌లో ప్రారంభించింది. 2013లో కర్ణాటకలో అన్నభాగ్య వచ్చింది. ఆకలిని తీర్చిన బియ్యాన్ని నిందించడం ధర్మం కాదు. అయితే కడుపు నింపడం ఒకటి, దేహాన్ని పోషించడం మరొకటి. కష్టించి పనిచేసే దేహం ఒకప్పుడు అరిగించుకొన్న అన్నాన్ని, కుట్టుయంత్రం ముందో వాహనంలోనో పగలంతా కూర్చొని గడిపే దేహం అదే విధంగా అరిగించుకోలేదు. మధుమేహం పేరు ప్రతి వీధిలో వినిపించడానికి ఇది ఒక్కటే కారణం కాకపోయినా, ముఖ్యమైన కారణాలలో ఒకటి.

గింజ నిర్మాణం తెలిస్తే మిగిలిన పాఠమంతా సులభం. ప్రతి ధాన్యపు గింజలోను మూడు భాగాలుంటాయి: పైన తవుడు పొర, ఒక మూలన మొలకెత్తే అంకురం, మధ్యలో పిండి పదార్థం. పీచు, ఇనుము, బి విటమిన్లు అధికంగా తవుడులోను అంకురంలోను ఉంటాయి. మరలో తెల్లగా పాలిషు పట్టించినప్పుడు పోయేవి ఆ రెండే. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రకటించిన ఆహార పట్టికల ప్రకారం, 100 గ్రాముల తెల్ల బియ్యంలో పీచు సుమారు 2.8 గ్రాములు, ఇనుము 0.65 మిల్లీగ్రాములు. అంతే బరువున్న జొన్నలలో పీచు 10 గ్రాములు, ఇనుము దాదాపు 4 మిల్లీగ్రాములు. సజ్జలలో ఇనుము 6 మిల్లీగ్రాములకు పైమాటే. ఇక రాగులలో సున్నపు ధాతువు, అనగా కాల్షియం, 364 మిల్లీగ్రాములు. పీచు ఎక్కువగా ఉన్న ఆహారం నెమ్మదిగా జీర్ణమవుతుంది; రక్తంలో చక్కెర ఒక్కసారిగా పెరగదు; ఆకలి త్వరగా మళ్ళీ వేయదు.

ఆ సంస్థ పుట్టుకే ఈ తవుడు కథతో ముడిపడి ఉంది. 1918లో నీలగిరులలోని కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ ఆధ్వర్యంలో బెరిబెరి వ్యాధి పరిశోధనకై ఒక చిన్న విభాగం ఏర్పడింది. పాలిషు పట్టిన పచ్చి బియ్యమే ప్రధానాహారమైన కోస్తా తెలుగు జిల్లాలలో ఆ వ్యాధి కనిపించేది. ఉప్పుడు బియ్యం తినేవారిలో అరుదు. వడ్లను ఉడకబెట్టి ఆరబెట్టినప్పుడు తవుడులోని విటమిన్ కొంత గింజ లోపలికి ఇంకడమే అందుకు కారణం. ఆ విభాగమే పెరిగి 1958లో హైదరాబాదుకు తరలి, 1969లో నేటి పేరు ధరించింది.

ఇంతవరకు చదివిన పాఠకులు జొన్న మంచిది, బియ్యం చెడ్డది అన్న నిర్ణయానికి రావచ్చు. ఆ తొందర కూడదు. 2023ను ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించిన నాటి నుండి, ఈ ధాన్యాలు సకల రోగాలను మాన్పుతాయన్న ప్రచారం అంగళ్లలోను, చరవాణులలోను జోరుగా సాగుతున్నది. (కన్నడం వీటిని సిరిధాన్యమన్నది, తెలుగు చిరుధాన్యమన్నది, ఒక భాషకు సంపదగా తోచినది మరొక భాషకు చిన్నదిగా తోచింది.) ఏ ధాన్యమూ మందు కాదు. ఏ ధాన్యమూ ఒంటరిగా సంపూర్ణాహారమూ కాదు.

ఇందుకు సాక్ష్యం దక్కను పీఠభూమిలోనే ఉంది. జొన్నలు తప్ప మరేమీ దొరకని పేద కూలీలలో పెల్లాగ్రా అనే వ్యాధి కనిపించేది. ఎండ తగిలిన చోట చర్మం నల్లబడి పొరలుగా ఊడుతుంది, విరేచనాలు పట్టుకొంటాయి, ముదిరితే మతి కూడా చలిస్తుంది. నయాసిన్ అనే బి విటమిన్ దేహానికి చాలకపోవడమే దాని మూలం. 1960లో పోషకాహార శాస్త్రవేత్తలు సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకంఠయ్య జొన్నలోని లూసిన్ అనే అమైనో ఆమ్లపు ఆధిక్యానికి ఈ వ్యాధితో సంబంధముందని ప్రతిపాదించారు. ఆ ప్రతిపాదనపై పిమ్మట వాదోపవాదాలు సాగినా, ఆచరణలో తేలినది ఒకటే: రొట్టెకు పప్పు, వేరుశనగ, పాలు, ఆకుకూర తోడైన ఇంట ఆ వ్యాధికి చోటు తక్కువ. వేరుశనగలో నయాసిన్ పుష్కలం. రొట్టెలో వేరుశనగ పొడి నంజుకొన్న అవ్వకు ఆ విటమిన్ పేరు తెలియకపోవచ్చు, ఆ పొడి లేని రొట్టె మాత్రం ఆమెకు భోజనంగా తోచేది కాదు.

అంతకు ముందే బళ్లారి ఈ సత్యాన్ని అతి కఠినంగా నేర్చుకొన్నది. 1876లో మొదలైన ధాత కరువు ఈ జిల్లాను దారుణంగా పీడించింది. కరువు పనులకు వచ్చిన కూలీకి రోజుకు ఒక పౌను, అనగా సుమారు 450 గ్రాముల ధాన్యానికి తగిన కూలి చాలునని 1877లో రిచర్డ్ టెంపుల్ నిర్ణయించాడు. మద్రాసు ఆరోగ్యాధికారి డబ్ల్యు.ఆర్. కార్నిష్ దానిని ప్రతిఘటించాడు. గింజల పరిమాణం చాలదనడమే కాదు, పప్పు, కూరగాయలు లేకుండా శ్రమించే దేహం నిలువదని ఆయన వాదించాడు. కొద్ది మాసాలకే మద్రాసు ప్రభుత్వం ధాన్యాన్ని పెంచి, కొంత పప్పును చేర్చింది. నేడు కరువు లేదు. కాని పళ్లెం నిండా అన్నం, దానిపై పలుచని చారు, అంచున ఊరగాయ మాత్రమే ఉన్న భోజనం కార్నిష్ అభ్యంతరానికి ఈనాడూ పాత్రమే.

జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన మార్గదర్శకాలు రోజుకు 2000 కిలో కెలోరీలు అవసరమైన వ్యక్తికి ఈ కొలతలను సూచిస్తున్నాయి: ధాన్యాలు 250 గ్రాములు, పప్పు దినుసులు 85, కూరగాయలు 400 (అందులో ఆకుకూరలు 100), పండ్లు 100, నూనెగింజలు, బాదం వంటి గింజలు 35, పాలు లేదా పెరుగు 300 మిల్లీలీటర్లు, నూనె 27 గ్రాములు. ధాన్యం మొత్తంలో పావు వంతుకు మించదన్న సంగతి చాలామందికి వింతగా తోస్తుంది. మాంసాహారులు పప్పులో కొంత భాగానికి బదులు గుడ్డు, చేప తినవచ్చు. బరువు మోసే కూలీకి ధాన్యం ఇంతకంటె హెచ్చుగా కావాలి. కూర, పప్పు కూడా దానితో పాటు పెరగాలి.

ఇదంతా చవకగా సాధ్యమా అన్న ప్రశ్న న్యాయమైనది. చౌకధరల బియ్యంతో పోలిస్తే జొన్నలకు ఖర్చు ఎక్కువే. అందువల్ల మూడు పూటలా ధాన్యం మార్చవలసిన పని లేదు. రాత్రి పూట ఒక్కటి రొట్టెకో సంగటికో మారితే చాలు. చౌకధరల దుకాణంలో జొన్నలు, రాగులు ఇచ్చే నెలలో వాటిని అమ్మివేయక ఇంటికి తెచ్చుకొనడం మేలు. ఉలవలు, అలసందలు, పెసలు పొట్టుతోనే కొనవచ్చు. మొలకెత్తించిన గుప్పెడు పెసలకు నిమ్మరసం పిండితే, అందులోని సి విటమిన్ ఇనుమును దేహం గ్రహించడానికి సాయపడుతుంది. భోజనం వెంటనే తాగే టీ మాత్రం ఆ ఇనుమును అడ్డుకొంటుంది. గంట సేపు ఆగితే నష్టం లేదు. మునగాకు, పుంటికూర, తోటకూర వంటివి సంతలో నేటికీ చవకే.

చౌకధరల బియ్యం గురించి మరొక మాట. ఇటీవలి సంవత్సరాలలో అందులో ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 చేర్చి తయారుచేసిన గింజలను కలుపుతూ వచ్చారు. తక్కిన గింజలకంటె రంగులో కొంచెం భిన్నంగా ఉండడంతో ప్లాస్టిక్ బియ్యమని భయపడి వాటిని ఏరి పారవేసే గృహిణులున్నారు. అవి బియ్యపు పిండితో చేసినవే. ఆ ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తొలిసారి సంశ్లేషించిన బృందానికి నాయకత్వం వహించినది 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు. బియ్యాన్ని పదేపదే కడగడం, గంజి వార్చి పారబోయడం మానితే ఆ విటమిన్లు పళ్లెం దాకా చేరుతాయి.

అంగడిలో మెలకువ అవసరం. కొర్ర బియ్యం పేరుతో అమ్మే పొట్లాలలో తెల్లగా నున్నగా మెరిసేవి పాలిషు పట్టినవి. అవి కొన్నందువల్ల ధర పెరగడమే తప్ప పీచు దక్కదు. పసుపుఛాయతో కొద్దిగా మసకగా కనిపించేవి నయం. పొట్లం వెనుక పదార్థాల పేర్లను బరువులో ఎక్కువైనది ముందుగా వచ్చే క్రమంలో ముద్రించాలన్నది నియమం. రాగి బిస్కట్టు పొట్లంపై మొదటి పేరు మైదా లేదా శుద్ధి చేసిన గోధుమ పిండి, రెండవది చక్కెర అయితే, అది మైదా బిస్కట్టే. రంగు చూసి బ్రౌన్ బ్రెడ్ కొనడమూ అటువంటిదే. బెల్లం చక్కెరకు అన్న కావచ్చు, మధుమేహం విషయంలో ఇద్దరూ ఒకటే.

ఉగ్గాని సంగతి చెప్పక తప్పదు, బళ్లారి వీధులలో దానిని కాదనమంటే ఎవరు వింటారు? బొరుగులు త్వరగా జీర్ణమై చక్కెరను త్వరగా పెంచుతాయి. పుట్నాల పొడి, వేరుశనగ, ఉల్లి, టమాటా రెట్టింపు చేసి, బజ్జీలు రెండింటికి బదులు ఒకటితో సరిపెట్టుకొంటే, వారానికి ఒకసారి ఆ ముచ్చట తీర్చుకొనవచ్చు.

పిల్లల విషయం ఇంతకంటె సున్నితం. బడి డబ్బాలో జొన్నరొట్టె తెచ్చినందుకు తోటివారు నవ్వుతారని పిల్లవాడు దానిని తినకుండా వెనుకకు తెస్తాడు. తాత ముత్తాతలు గత్యంతరం లేక తిన్న తిండి అన్న జ్ఞాపకం పెద్దల మాటలలోనే దొర్లుతుంటుంది. పిల్లలు దానిని వింటారు. బలవంతం పనికిరాదు. డబ్బాలో అన్నమే పెట్టి, రాత్రి ఇంట అందరూ కలిసి రొట్టె తినడం కొన్నాళ్లు సాగాలి.

మధుమేహానికి ఇన్సులిన్ లేదా మాత్రలు వాడేవారు ఆహారం మార్చే ముందు వైద్యునికి తెలియజేయాలి. అన్నం తగ్గి మందు పాత మోతాదులోనే ఉంటే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. మూత్రపిండాల వ్యాధి ఉన్నవారికి పప్పు, ఆకుకూరల కొలతలు వేరు. చాలా కాలంగా పీచు తినని కడుపు తొలి వారాలలో ఉబ్బరిస్తుంది. కొద్దికొద్దిగా పెంచుతూ, నీరు ఎక్కువగా తాగాలి.

నగరంలో పుట్టిన కోడళ్లకు రొట్టె తట్టడం రాదన్న ఫిర్యాదు ప్రతి ఇంటా వినిపిస్తుంది. గోధుమలోని జిగురు జొన్నలో లేదు. అందుకే చన్నీళ్లతో కలిపిన పిండి విరిగిపోతుంది. మరుగుతున్న నీటిని పిండిలో పోసి, మూతపెట్టి కొద్దిసేపు ఉంచి, చేయి తాళే వేడిలో బాగా మర్దించాలి. పిండి తాజాదై ఉండాలి. నిల్వ పిండి చేదెక్కుతుంది గనుక, గింజలు కొని రెండు వారాలకు సరిపడా మాత్రమే మర పట్టించడం ఉత్తమం. పెనం మీద వేసిన వెంటనే పైన తడిగుడ్డతో తుడిచి తిప్పితే రొట్టె పొంగుతుంది. మొదటి నాలుగైదు ఎలాగూ విరుగుతాయి. ఆ ముక్కలను మజ్జిగలో నానవేసి, ఉల్లిపాయ నంజుకొని తినవచ్చు.