క్రొత్త చుట్టల పెట్టెను నిలువకు సిద్ధపఱచు విధము

గుంటూరు, ప్రకాశము మండలముల నల్లరేగడి రైతులకు పొగాకు క్రొత్త వస్తువు కాదు. ప్రత్తి, మిరప పైరులతోపాటు పొగాకును పండించి, ఆకు పదునును వ్రేళ్లతో తాకి చెప్పగలవారు మన గ్రామములలో ననేకులు గలరు. 1947వ సంవత్సరమున రాజమహేంద్రవరమునందు కేంద్ర పొగాకు పరిశోధనాలయమును, 1976వ సంవత్సరమున గుంటూరు ముఖ్యస్థానముగా పొగాకు బోర్డును ఏర్పడుటయే ఈ పైరుయొక్క ప్రాముఖ్యమునకు నిదర్శనము.

అయినను, ఆకును పండించుట యొక విద్య, దానిని చెడకుండ నిలువచేయుట వేఱొక విద్య. గోదావరి లంకల ఆకుతో చుట్టిన మంచి చుట్టలను ఏడాది పొడుగున వాడుకొనుటకు ఇంట నుంచుకొను వృద్ధులు గలరు. విదేశములందున్న కుమారులు సిగారులను, వానిని దాచు కొయ్యపెట్టెలను తెచ్చి యిచ్చుటయు నిప్పుడు గలదు. అట్టి పెట్టెను తెచ్చిన దినముననే చుట్టలతో నింపుట పెద్ద పొరపాటు. ఈ పాఠము వ్రాయువాడును ఒకప్పుడు ఆ పొరపాటు చేసి, పది దినములలో యాబది చుట్టలను పొడి పొడిగా దులిపి పాఱవేయవలసి వచ్చెను. ఇతరుల కట్టి నష్టము కలుగకుండుటకే ఈ క్రింది సంగతులు వ్రాయబడుచున్నవి.

1. క్రొత్త కొయ్య దాహము

క్రొత్త కుండను కొని తెచ్చిన గృహిణి దానిని ముందుగా నీట నాననిచ్చి, పిమ్మటనే వాడుకొనును. ఏలయన, ఆరిన మట్టి తనలో పోసిన నీటిని తానే త్రాగివేయును. క్రొత్త కొయ్యయు నట్టిదే. ఎండి యున్న కొయ్య, తన కడుపు నిండువఱకు, తనలో నుంచిన చుట్టలయందలి తేమను పీల్చును. తేమ పోయిన చుట్టయొక్క పై ఆకు పగులును. వాసననిచ్చు తైలములును క్రమముగా హరించిపోవును. పిమ్మట ఎంత తడి చూపినను ఆ వాసన తిరిగి రాదు. కావున ముందు కొయ్యను తృప్తిపఱచి, తరువాత చుట్టలను దానికి అప్పగింపవలయును. ఈ పాఠమునకు మూలసూత్ర మిదియే.

బ్యారనులో ఆకు కాల్చు రైతునకు ఈ సంగతి సులభముగా బోధపడును. కాల్పు ముగిసినప్పుడు ఆకు పెళుసై యుండును. ఆ స్థితిలో దింపినచో ముక్కలగును. కావున తలుపులు, కిటికీలు తెఱచి, రాత్రి గాలిలోని తేమను ఆకు నెమ్మదిగా గ్రహించునట్లు చేసి, పదునుకు వచ్చిన పిమ్మటనే దింపి మండె వేయుదురు. పెట్టె విషయమునను ఆ ఓర్పే కావలయును.

2. పెట్టెకు తగిన కొయ్య

ఇట్టి పెట్టెల లోపలి పలకలకు స్పానిష్ సెడార్ అను కొయ్యను విశేషముగా వాడుదురు. పేరునకు సెడారే గాని యది దేవదారు జాతిది కాదు. అమెరికా ఖండపు ఉష్ణదేశములలో పెరుగు చెట్టు, మన వేపచెట్టు కుటుంబమునకు చెందినది. ఆ కుటుంబములోనిదే యగు తూన్ కొయ్యతోను హిందూదేశమున సిగారు పెట్టెలు చేయుట గలదు. ఊరి వడ్రంగిచేత పెట్టె చేయించుకొనువారు జిగురు కారు కొయ్యను, ఘాటైన వాసనగల కొయ్యను వాడరాదు. లోపలివైపు వార్నీషు, రంగు పూయరాదు. మూత గాలి చొరకుండ సరిగా కూర్చుండవలయును. మూతకును అంచునకును నడుమ సన్నని కాగితము నుంచి మూసి, దానిని లాగినప్పుడు సులభముగా జాఱి వచ్చినచో ఆ మూత బిగువు చాలదని యెఱుంగవలయును.

3. తేమ కొలత గడియారమును పరీక్షించుట

గాలిలోని తేమను శాతములలో చూపు చిన్న గడియారమునకు ఆర్ద్రతామాపకమని పేరు. చుట్టలకు 65 మొదలు 70 శాతము వఱకు తేమ తగియుండును. అయితే గడియారమే తప్పు చెప్పినచో మన జాగ్రత్త యంతయు వ్యర్థమగును. కావున దానిని ఉప్పుతో పరీక్షింపవలయును.

సీసా మూతలో శుద్ధిచేసిన మెత్తని ఉప్పును పోసి, కొన్ని చుక్కల నీరు కలిపి, తడి ముద్దవలె చేయవలయును. ఉప్పంతయు కరగిపోరాదు. ఆ మూతను, గడియారమును కలిపి గాలి చొరని డబ్బాలో నుంచి, ఒక పగలు, ఒక రాత్రి కదల్పక విడువవలయును. ఉప్పు ముద్దపై గాలి 75 శాతము తేమతో నిలుచుట ప్రకృతి ధర్మము. గడియారము 72 చూపినచో, అది మూడు తక్కువ చెప్పుచున్నదని గుర్తుంచుకొని, ఎల్లప్పుడును మూడు కలిపి లెక్కించవలయును.

ఇందు ఒక హెచ్చరిక. చినగంజాము మొదలగు మన సముద్రతీరపు ఉప్పుకొటారుల నుండి వచ్చు కల్లుప్పును ఈ పరీక్షకు వాడరాదు. అందు మెగ్నీషియము లవణములు కలిసియుండును. వానకాలమున కల్లుప్పు జాడీలో నీరు కారుటకు కారణ మవియే. అట్టి ఉప్పు 75 శాతమును సరిగా చూపదు.

4. కొయ్యకు తేమ పట్టించు క్రమము

మొదట పెట్టెలోపలి దుమ్మును పొడిబట్టతో తుడువవలయును. తరువాత చిన్న గిన్నెలో సగము వఱకు స్వేదనజలము, అనగా ఆవిరిని చల్లార్చి దించిన నీరు, పోసి, పెట్టె నడుమ నుంచి, ప్రక్కన గడియారము నుంచి మూత మూయవలయును. బావినీరు, బోరునీరు పనికిరాదు. మన మెట్ట గ్రామముల నీటిలో లవణము లధికము; అవి తెల్లని పొరగా పేరుకొనును.

దినమున కొకసారి మాత్రమే మూత తెఱచి చూచి, నీరు తగ్గినచో మరల పోయవలయును. తొలిదినములలో గడియారపు ముల్లు పైకి లేచి మరల దిగజాఱును. అది కొయ్య తేమను త్రాగుచున్నదనుటకు గుర్తు. పది పదునాలుగు దినములు గడచి, ముల్లు 70 సమీపమున నిలిచిన పిమ్మట గిన్నెను తీసివేసి రెండు దినములు చూడవలయును. అప్పటికిని ముల్లు పెద్దగా దిగకున్నచో కొయ్య తృప్తి చెందినదని తెలిసికొనవలయును. దిగినచో గిన్నెను మరల నుంచవలయును.

కొందఱు త్వరపడి తడిబట్టతో లోపలి పలకలను రుద్దుదురు. ఇది మంచిది కాదు. ఒక్కసారిగా తడిసిన పలక ఉబ్బి వంకర పోవును, మూత సరిగా కూర్చుండదు. గిన్నెకు బదులుగా 84 శాతము తేమనిచ్చు ఉప్పుద్రావణపు సంచు లిప్పుడు అమ్మకమునకు వచ్చుచున్నవి. వానిని రెండు వారము లుంచినను ఇదే ఫలము కలుగును.

5. చుట్టలను నింపుట

పెట్టెను క్రిక్కిఱిసి నింపరాదు. నాలుగవ వంతు ఖాళీ యుండినగాని గాలి సమముగా పాఱదు. ఘాటైన లంక చుట్టలను, సున్నితమైన విదేశపు సిగారులను ఒకే అరలో నుంచరాదు; ఒకదాని వాసన మఱియొకదానికి పట్టును. మిక్కిలి యెండిన చుట్టలను ఒక్కసారిగా అధిక తేమలో నుంచినచో లోపలి ఆకు ఉబ్బి పై ఆకు చిట్లును.

పొగాకును తినెడు చిన్న గోధుమరంగు పెంకుపురుగు చుట్టలకు సూదిబెజ్జములు పొడుచును. ఎండు మిరపకాయలను, పసుపును, ధనియాలను తినునదియు నీ పురుగే. కావున మిరప బస్తా లున్న గదిలో చుట్టల పెట్టె నుంచరాదు. పురుగు కనబడినచో చుట్టలను గాలి చొరని సంచిలో కట్టి, మంచుపెట్టె గడ్డకట్టు అరలో సున్నకు దిగువ 18 డిగ్రీలయందు వారము దినము లుంచి, పిమ్మట ఒక దినము క్రింది అరలో నుంచి, అటుతరువాత బయటికి తీయవలయును.

6. కాలమునుబట్టి జాగ్రత్త

వైశాఖ జ్యేష్ఠములలో మన సీమ వడగాడ్పులకు పెట్టెలోని తేమ త్వరగా హరించును. వేడి 25 డిగ్రీలు మించినకొలది పురుగు భయము హెచ్చును. పడమటి గోడకు దూరముగా, ఇంటిలో మిక్కిలి చల్లనైన గదిలో పెట్టె నుంచవలయును. వానకాలమున, ముఖ్యముగా చీరాల, బాపట్ల తీరప్రాంతమున, గాలియే తడిసియుండును. అప్పుడు గడియారము 72 దాటినచో నీటిగిన్నెను తొలగింపవలయును. నూగువంటి బూజు పట్టిన చుట్టలను పాఱవేసి, పెట్టెను స్పిరిటుతో తుడిచి, ఆరనిచ్చి, తిరిగి మొదటినుండి తేమ పట్టించవలయును.

ముగింపు

పొగ త్రాగుట ఆరోగ్యమునకు హానికరమనుట నేడు నిశ్చయముగా తెలిసిన విషయము. పిల్లలకు అందనిచోటనే ఈ పెట్టె యుండవలయును. ఈ పాఠము త్రాగుమని చెప్పుటకు కాదు, శ్రమపడి పండించిన ఆకును గాని, విలువనిచ్చి కొన్న చుట్టను గాని అజాగ్రత్తవలన పాడుచేసికొనరాదని చెప్పుటకు.

గడియారమును ఉప్పుతో పరీక్షింపుడు. కొయ్యకు రెండు వారములు తేమ పట్టింపుడు. ఆ పిమ్మటనే చుట్టల నుంచుడు. పదును చూడక విత్తిన చేను మొలకెత్తనట్లే, పదును చూడక నింపిన పెట్టెయు చుట్టను కాపాడదు.