పాత పంట నమూనాలు, కొత్త కంపైలర్లు: కోడ్ సవరణలో పాటించవలసిన పద్ధతి

పంట పెరుగుదలను అంచనా వేసే నమూనాలలో అనేకం ఫోర్ట్రాన్ భాషలో రూపొందాయి. 1989లో తొలిసారి విడుదలైన డిశాట్‌లోని మొక్కజొన్న, వేరుశనగ నమూనాలు, అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ వారి ఒరైజా 2000 ఇందుకు ఉదాహరణలు. వీటికి కొత్త రూపాలు వచ్చినా, పరిశోధకులు తమ అవసరాలకు సవరించుకొన్న పాత ప్రతులను నేటి కంప్యూటర్లపై నడపవలసి వస్తుంది. కంపైలర్ తప్పులు చూపకపోవడం ఒకటి, పాత ఫలితాలే రావడం మరొకటి. విత్తే తేదీ, ఎరువుల మోతాదు సిఫారసులు ఈ ఫలితాలపై ఆధారపడినందున రెండవదే ముఖ్యం.

లోపాలు దాగే చోట్లు

మొదటిది, విలువ నిలవని చలరాశి. మొక్కజొన్నలో కనీస ఉష్ణోగ్రత 8 డిగ్రీలుగా తీసుకొని, పగటి గరిష్ఠం 32, రాత్రి కనిష్ఠం 20 డిగ్రీలైతే, రోజుకు 18 డిగ్రీ-రోజులు సమకూరుతాయి. తొలి దశకు 216 డిగ్రీ-రోజులు అవసరమైన రకం ఆ దశను 12 రోజులలో దాటుతుంది. ఈ మొత్తాన్ని సబ్‌రొటీన్‌లోని చలరాశి దాచుకోవాలి. పాత కంపైలర్లు అనేకం దానిని స్థిరమైన జ్ఞాపకస్థానంలో ఉంచేవి. ‘సేవ్’ అని ప్రకటించనిదే విలువ నిలుస్తుందన్న హామీ ఫోర్ట్రాన్ ప్రమాణంలో లేదు. కొత్త కంపైలర్‌తో మొత్తం పోతే పంట పూతకే రాదు. ఆ తప్పు వెంటనే కనబడుతుంది. మెమరీలో మిగిలిన వేరే విలువ చేరి పూత రెండు రోజులు ముందుకు జరిగితే ఎవరికీ అనుమానం రాదు.

రెండవది, ప్రకటించని పేర్లు. ఐ నుండి ఎన్ వరకు గల అక్షరాలతో మొదలయ్యే పేర్లను ఫోర్ట్రాన్ పూర్ణాంకాలుగా భావిస్తుంది. నత్రజని గ్రహణకు ‘ఎన్’తో మొదలయ్యే పేరు పెట్టి ప్రకటన మరచితే, 0.8 కిలోలు 0గా మారుతుంది.

మూడవది, 72వ నిలువు వరుస. పాత అమరికలో దాని తరువాతి అక్షరాలను కంపైలర్ లెక్కించదు. వాక్యం అక్కడ తెగి 12.5 కాస్తా 12. గా మిగిలినా కంపైలర్ అభ్యంతరం చెప్పదు.

సవరణ క్రమం

1. పాత ప్రోగ్రామును కొన్ని రుతువుల దత్తాంశంతో నడిపి, ఫలితాలను కంపైలర్ వివరాలతో సహా భద్రపరచాలి.

2. ప్రతి సబ్‌రొటీన్‌లో ‘ఇంప్లిసిట్ నన్’ చేర్చి, చలరాశులను ప్రకటించి, ప్రారంభ విలువలివ్వాలి. నిలవవలసిన వాటికి ‘సేవ్’ రాయాలి.

3. శ్రేణుల హద్దుల తనిఖీతో కంపైల్ చేయాలి. 2020లో వచ్చిన జి.సి.సి. 10 నుండి జి-ఫోర్ట్రాన్, సబ్‌రొటీన్‌కు పంపే విలువల రకాలు పొసగకపోతే తప్పుగా చూపుతుంది. దానిని హెచ్చరికగా తగ్గించే సదుపాయమున్నా, కారణాన్ని సరిదిద్దడమే మేలు.

4. ఒకసారి ఒక మార్పే చేసి, ఫలితాలను పోల్చాలి. దిగుబడిలో చివరి దశాంశాల తేడా సహజం. పూత, కోత తేదీలు మారితే కారణం తేల్చాలి.

తప్పు దొరికినప్పుడు

పాత కోడ్‌లోని తప్పు సరిదిద్దగానే పని ముగియదు. ఆ తప్పుతో నడిచిన నమూనాకు క్షేత్ర దత్తాంశం సరిపోయేలా రకాల జన్యు గుణకాలను నిర్ణయించి ఉంటారు. అందుచేత కోడ్ సరైనప్పటికీ ఆ గుణకాలతో అంచనా మరింత దూరమయ్యే అవకాశముంది. గుణకాలను తిరిగి నిర్ణయించి, వేరే సంవత్సరాల క్షేత్ర ఫలితాలతో సరిచూసిన తరువాతనే ఆ నమూనా ఆధారంగా రైతులకు సిఫారసు చేయాలి.