ఎర్రగుర్రం మార్కుల కాగితం చూసినంక

బీర్పూర్

బిడ్డా,

నువ్వు ఫోన్‌ల పంపిన డ్రెస్సేజ్ స్వారీ పోటీ మార్కుల కాగితం రాత్రి రెండుసార్లు చదివిన. 56 శాతమే వచ్చిందని గొంతు చిన్నజేసుకొని మాట్లాడినవ్. నాకైతే ఆ కాగితం చూసినంక ధైర్యం వచ్చింది. పోయిన మార్కులల్ల గుర్రానికి చేతగాక పోయినవి ఒక్కటి సుత లేవు. నడక, ట్రాట్ అనే దుడుకు నడక, క్యాంటర్ అనే మెల్లటి ఉరుకు, 20 మీటర్ల గుండ్రం, నడిగీత మీద వచ్చి ఆగుడు. డ్రెస్సేజ్‌ల మొదటి మెట్టు అడిగేది ఇంతే. కాళ్లు, నడుము మంచిగున్న ఏ గుర్రమైనా చేస్తది. నీ మార్కులు చేతుల దగ్గర, గుండ్రాల దగ్గర జారిపోయినయి.

ఒక్కో కదలికకు సున్న నుంచి పది దాక మార్కులు. నీకు పడ్డవి ఎక్కువ ఐదులు, ఐదున్నరలు. వాటిల సగం ఆరున్నర చేసుకున్నవంటే అరవై దాటుతవ్. 2023 సెప్టెంబర్ 26న హాంగ్‌ఝౌల మనోళ్లు ఏషియన్ గేమ్స్ టీం డ్రెస్సేజ్ బంగారం గెలిచిండ్రు కదా. 1982 ఢిల్లీ తర్వాత గుర్రపుస్వారీల మనకు బంగారం మళ్ల వచ్చుడు అప్పుడే, 41 ఏండ్లకు. ఆ రోజు లెక్కల తీసుకున్న ముగ్గురు అనూష్ అగర్వాలా, హృదయ్ ఛేడా, దివ్యకృతి సింగ్. ముగ్గురివి కలిపితే 209.205. సగటున మనిషికి 70 శాతం సుత నిండలేదు చూడు. వాళ్లు చేసిన పరీక్ష నీదానికంటే ఎన్నో మెట్లు పైది, అయినా ఏడు మార్కుల సగటు దగ్గరనే ఆసియా బంగారం ఉన్నది. నువ్వు పదుల కోసం చూడకు. ఐదును ఆరు చేసే పని పట్టుకో.

జడ్జి నాలుగు చోట్ల ఒకే మాట రాసిండు: నోరు తెరిచింది, మెడ బిగించింది. దానికి నువ్వు ఇంకా గట్టి కళ్లెం కొనాల్నా, ముక్కుపట్టీ బిగించాల్నా అని అడిగినవ్. వద్దు బిడ్డా. ముక్కుపట్టీ కింద రెండు వేళ్లు ఆడాలె. నోరు తెరుస్తున్నదంటే అది ఏదో చెప్తున్నది. నోరు కట్టేస్తే చెప్పుడు ఆగుతది గాని నొప్పి ఆగదు. ముందుగాల పశువుల డాక్టరుకు పండ్లు చూపించు. గుర్రానికి పైదవడ పండ్లు బయటి అంచుల కత్తి లెక్క పెరిగి చెంపను కోస్తయి. ఏడాదికి ఒక్కసారన్న వాటిని ఆకురాయితోటి అరగదీయించాలె. తర్వాత జీను తీసినంక వీపు చూడు. చెమట అంతట సమానంగ పట్టిందా, నడుమ ఎక్కడన్న పొడి మచ్చ ఉన్నదా? పొడిగున్న చోట జీను ఒత్తుతున్నదేమో అని అనుమానపడు. లాడాలు కొట్టించి ఆరు వారాలు దాటనియ్యకు. ఇవన్నీ సరిగున్నయని తేలినంకనే తప్పు నీదా, దానిదా అని మాట్లాడుకుందం.

ఇంకొకటి. నీ ఎర్రగుర్రం మలక్‌పేట పందేలల్ల ఉరికి వచ్చింది. పందెపు గుర్రానికి లగాం బిగువైందంటే దాని మీద ఆనుకొని ఇంకా గట్టిగ ఉరకాలని అర్థం. చిన్నప్పటి నుంచి దానికి నేర్పింది అదే. నువ్వు మెల్లగ పొమ్మని గుంజినప్పుడల్లా దానికి ఉరుకుమని ఇనపడుతున్నది. అది మొండిది కాదు, నీ మాట దానికి ఇంకో భాషల అందుతున్నది.

ఈ తప్పు నేను చేసిన. కొత్తగ స్వారీల చేరిన రోజులల్ల నాకిచ్చిన గుర్రం మెడ వంచుతే అందంగ ఉంటదని రెండు చేతులతోటి గుంజి గుంజి వంచిన. మెడ వంగింది. కాని వీపు గుంటపడ్డది, వెనుకకాళ్లు పొట్ట కిందికి వచ్చుడు మానేసినయి. ఆరు నెలలల్ల దాని నోరు కట్టె లెక్క అయ్యింది. గుర్రాలను చూసుకునే ఒక ముసలి సైసు నన్ను ఏమనకుండ నా చేతులల్ల నుంచి లగాం తీసుకున్నడు. మూడు వారాలు పొడుగుతాడు మీద గుర్రాన్ని తన చుట్టు తిప్పుకుంట నన్ను చేతులు చాపుకొని కూసోమన్నడు. పట్టుకోను ఏమీ లేకపోయేసరికి నడుము కుదురుడు నేర్చుకున్న. ఆ గుర్రం నోరు మాత్రం మళ్ల మెత్తబడలేదు. దాన్ని తల్చుకుంటే ఇప్పటికీ పాణం తరుక్కపోతది. అందుకే నీకింత పొడుగు రాస్తున్న.

చేతులు నిలకడగ ఉండాలంటే బిగించుడు కాదు. సద్దుల బతుకమ్మ నాడు రోళ్లవాగు దిక్కు బతుకమ్మను ఎత్తుకొని నడిచినవ్ గుర్తున్నదా? కాళ్లు ఎగుడుదిగుడు దారిల నడుస్తున్నయి, నడుము ఊగుతున్నది, తాంబాళం మాత్రం కదలలేదు, మీది గునుగుపువ్వు రాలలేదు. మోచేయి వదులుగుంటేనే అది అయితది. లగాం అట్లనే పట్టుకో. గుర్రం నడకల తల ఆడిస్తది, నీ మోచేయి దానితోటి పోవాలె.

నెమ్మది చేయాలంటే కూర్చునే తీరుతోటి చెప్పు. ఊపిరి తీసుకొని వెన్ను నిలబెట్టు, కాళ్లు పొట్టకు ఆనించు, వేళ్లు ఒక్క క్షణం మూసి, వెంటనే తెరువు. దీన్నే హాఫ్ హాల్ట్ అంటరు. మూసినప్పటికంటే తెరిచినప్పుడే గుర్రానికి ఎక్కువ తెలుస్తది. తెరవకపోతే అది గుంజుడే. ప్రతి మార్పుకు, ప్రతి మలుపుకు మూడు నాలుగు అడుగుల ముందు ఇది చెయ్యి. నువ్వు అరీనాల గుర్తుకు పెట్టిన అక్షరం దగ్గరికి వచ్చినంక అడుగుతున్నవ్, గుర్రం ఉలిక్కిపడుతున్నది.

ఇగ గుండ్రం. నీ అరీనా 20 మీటర్ల వెడల్పు, 40 మీటర్ల పొడుగు. 'ఏ' అక్షరం దగ్గర మొదలయ్యే 20 మీటర్ల గుండ్రం అంచును మూడు చోట్లనే ముట్టాలె: 'ఏ' దగ్గర ఒకటి, రెండు పొడుగు పక్కల మీద మూల నుంచి 10 మీటర్ల దూరంల ఒక్కొక్కటి. నాలుగో చోటు నట్టనడుమ ఎక్స్. నువ్వు మూలలకు చొచ్చుకపోతున్నవ్, ఎక్స్ దాటి అవుతలికి పోతున్నవ్; అందుకే గుడ్డు లెక్క వచ్చింది. రేపు పొద్దున మేకు, 10 మీటర్ల తాడు, ఇంత సున్నం పట్టుకపో. నడిగీత మీద 'ఏ' నుంచి 10 మీటర్ల కాడ మేకు దిగ్గొట్టి, తాడు పట్టుకొని సున్నంతోటి గీత గియ్యి. చుట్టు కొలత దగ్గరదగ్గర 63 మీటర్లు. నాలుగు పావులు చేసుకో, ఒక్కో పావుల ట్రాట్ అడుగులు లెక్కపెట్టు. నాలుగు పావులల్ల ఒకే లెక్క వస్తే గుండ్రం గుండ్రమైనట్టు. ఒక దిక్కు తిరిగినప్పుడు లెక్క తప్పుతదని నా అనుమానం. పందెంల ఒకే చేతివైపు మలుపులు తిరిగిన గుర్రానికి ఒక పక్క బిగుసుకొని ఉంటది. ఆ దిక్కు రెండింతలు చేయించకు, నొప్పి పుడతది. కొంచెం కొంచెం, నడుమ నడుమ నడిపించుకుంట చెయ్యి.

లయ గురించి ఒక్క మాట. నడకకు నాలుగు దెబ్బలు, ట్రాట్‌కు రెండు, క్యాంటర్‌కు మూడు. మన జాతరల డప్పు కొట్టేటోళ్లు మలుపు తిరిగినా దరువు తప్పరు. గుర్రం సుత మూల తిరిగినప్పుడు దరువు తగ్గొద్దు, పొడుగు పక్క మీద పెరుగొద్దు. నోటితోటి మెల్లగ లెక్కపెట్టుకుంట తొక్కు, కాని అభ్యాసంలనే. పోటీల గొంతు ఇనపడితే మార్కులు పోతయి.

లగాం పొడుగు ఇడిచి నడిపించే నడక చాలా టెస్టులల్ల రెండింతల మార్కులది. నీకు ఐదు పడ్డది. ఇడిచిన లగాం గుర్రం మెల్లగ నమిలినట్టు తీసుకొని మెడ ముందుకు, కిందికి చాపాలె. ఉసికెల అడుగులు చూడు: వెనుకకాలు ముందుకాలు ముద్రను దాటి పడాలె. రోజూ పని అయినంక పది నిమిషాలు ఇదే చేయించు. రెండు నెలలల్ల ఏడు వస్తదని నాకు గట్టి నమ్మకం.

పోటీ నాడు ఎండల నలభై నిమిషాలు ఉరికించి లోపలికి తీసుకపోకు. ముందు పావుగంట ఉత్త నడక. నీళ్లు ముందే తాపియ్యి. గంట కొట్టినంక తొందరపడకు, నడిగీత మీద కొంచెం ముందుకే తొక్కు. మెల్లగ పోతేనే గుర్రం వంకర పోతది. కండ్లు ఎదురుంగున్న 'సీ' అక్షరం మీద పెట్టు. ఆగినంక మూడు సెకండ్లన్న కదలకుండ ఉండి, అప్పుడు సలాం చెయ్యి.

నెల దినాల తర్వాత వీడియో తీయించి పంపు. నీ ముఖం కాదు, వెనుకకాళ్లు, నీ మోచేతులు కనపడేటట్టు తీయించు. డాక్టరు పండ్లు చూసి ఏమన్నడో అదే రోజు ఫోన్ చేసి చెప్పు.

మీ పెద్దబాపు