శిక్షణ పత్రము లేని ఉపాధ్యాయుడు: పంచాయతీ బాధ్యత

పల్లె బడిలో ఉపాధ్యాయుని స్థానము ఖాళీ అయినప్పుడు, ఊరిలో చదువుకొన్న యువకునో యువతినో చూపి "ప్రస్తుతమునకు వీరిని పెట్టుకొందము" అని తల్లిదండ్రులు పంచాయతీ పెద్దలను కోరుట చిత్తూరు, తిరుపతి ప్రాంతములలో కొత్త సంగతి కాదు. ఉపాధ్యాయ శిక్షణ పత్రము లేనివారిని నియమింపవచ్చునా, నియమించినచో పిల్లల చదువు ఏమగును అను రెండు ప్రశ్నలు అప్పుడు సభ్యుల యెదుట నిలుచును. మొదటి ప్రశ్నకు చట్టము సమాధానము చెప్పినది. రెండవది మాత్రము కొంత విపులముగా పరిశీలింపదగినది.

బోధకునకు ప్రభుత్వ పత్రము ఉండవలెనను నియమము మనకు మిక్కిలి ప్రాచీనమైనది కాదు. 1822లో మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో రాజధాని యందలి బడుల లెక్క తీయించెను. బళ్లారి కలెక్టరు క్యాంబెల్ 1823 ఆగష్టులో పంపిన నివేదికలో తన జిల్లాలో 533 బడులు కలవని వ్రాసెను. ఆ బడులలో పంతులుగారికి ఊరివారే ముట్టజెప్పుకొనెడివారు. పై తరగతి పిల్లలు క్రింది పిల్లలకు పాఠము చెప్పెడివారు. స్వల్ప వ్యయముతో జరుగు ఈ పద్ధతిని క్యాంబెల్ మెచ్చుకొనెను. కాని సమర్థులైన బోధకులు లేకపోవుట, చదివించు పుస్తకములు తగినవి కాకుండుట ఆ బడుల ముఖ్యలోపములని కూడ అందే వ్రాసెను. ఊరివాడైనంత మాత్రమున మంచి బోధకుడు కాడని రెండు వందల యేండ్ల నాడే తెలిసిన విషయము.

మన కాలమునకు వచ్చినచో, 1998లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ పాఠశాల విద్యలో ప్రజల భాగస్వామ్యమునకు ఒక చట్టము చేసెను. ఆ తరువాతి సంవత్సరములలో పాఠశాల కమిటీల ద్వారా విద్యా వలంటీర్లు వేల సంఖ్యలో బడులలో ప్రవేశించిరి. వారిలో పెక్కురు ఆ యూరివారే. పలువురికి ఉపాధ్యాయ శిక్షణ లేదు. నియామకము సంవత్సరమునకు పది నెలలు మాత్రమే. వేసవిలో గౌరవ వేతనము లేకుండ ఇంట గూర్చుండి, బడి తెరచునాటికి మరల పిలుపు వచ్చునో రాదో తెలియక ఎదురుచూచుట వారి వంతు. ఈ యేర్పాటు ఖజానాకు సులువైనదే గాని న్యాయమైనదని చెప్పజాలము.

వారి బోధన ఎట్లుండెను? దీనిని ఊహకు విడువక పరీక్షించి చూచినవారు కలరు. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అను ఆర్థికవేత్తలు 2005–06, 2006–07 విద్యా సంవత్సరములలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ గ్రామములలో 100 ప్రభుత్వ పాఠశాలలను చీట్ల పద్ధతిని ఎన్నుకొని, ఒక్కొక్క బడికి ఒక ఒప్పంద ఉపాధ్యాయుని అదనముగా ఇప్పించిరి. రెండేండ్ల తరువాత ఆ బడుల పిల్లలు లెక్కలలోను, తెలుగులోను ఇతర బడుల పిల్లలకంటె మెరుగుగా నుండిరి. మారుమూల బడులలోను, ఒకటవ తరగతిలోను ఫలము అధికముగా కనబడెను. బడికి రాని దినములు స్థిర ఉపాధ్యాయులకు నూటికి 27 వంతున, ఒప్పంద ఉపాధ్యాయులకు 18 వంతున లెక్కకు వచ్చెను. జీతములో మాత్రము స్థిర ఉపాధ్యాయులది వీరికి అయిదు రెట్లు.

ఈ లెక్కలను చూచి శిక్షణ అనవసరమని తలచుట తొందరపాటు. ఆ బడులకు లభించినది అదనపు ఉపాధ్యాయుడు. ఉన్నవానిని తొలగించి ఆ స్థానమున పెట్టినవాడు కాడు. ఒక్క గదిలో అయిదు తరగతులు కూర్చున్నప్పుడు రెండవ మనిషి వచ్చుటయే గొప్ప మేలు. పంచాయతీ సభ్యులు ఈ భేదమును మరువరాదు. "వలంటీరు ఉన్నాడు గదా" అను మాట స్థిర స్థానమును ఖాళీగా నుంచుటకు సాకుగా మారిన చోట్ల నష్టపోయినది పిల్లలే.

శిక్షణ పత్రము లేనివారిచే మంచి చదువు చెప్పించుటకు ఏమి కావలెనో ఉమ్మడి చిత్తూరు జిల్లాలోని మదనపల్లె ప్రాంతమున ఒక నిదర్శనము కలదు. జిడ్డు కృష్ణమూర్తి స్థాపించిన రిషీవ్యాలీ పాఠశాలకు అనుబంధముగా, పద్మనాభరావు, రమ దంపతులు 1980వ దశకము నుండి చుట్టుపట్ల కుగ్రామములలో చిన్న బడులను నడిపించిరి. బోధకులు ఆ పల్లెల యువజనులే. అయితే వారిని ఒక పాఠ్యపుస్తకము చేతికిచ్చి విడిచిపెట్టలేదు. పాఠములన్నియు చిన్న చిన్న కార్డులుగా విభజింపబడి, బొమ్మల గుర్తులతో ఒక నిచ్చెన వలె వరుసగా అమర్చబడెను. ఏ బిడ్డ ఏ మెట్టు మీద నున్నదో బోధకునకును బిడ్డకును తెలియును. నాలుగు దినములు వేరుసెనగ చేనికి పోయి వచ్చిన పిల్లవాడు విడిచిన మెట్టు నుండియే మరల ఆరంభించును. తరగతి తన్ను దాటిపోయినదను భయము లేదు. కొందరు బోధకుని వద్ద, కొందరు తోటివారి సహాయమున, కొందరు తమంత తాము నేర్చుకొనుచుందురు. బోధకులకు శిక్షణ ఒక్కసారి ఇచ్చి ముగించునది గాక, ఎడతెగక సాగునదిగా నుండెను. 1995లో మైసూరు జిల్లా హెచ్.డి. కోటె తాలూకాలో ఆరంభమైన "నలి కలి" బోధనకు మూలము ఇదియే. తరువాత చెన్నపట్టణపు కార్పొరేషను బడులును ఈ మార్గమును అవలంబించినవి. మన కొండల నడుమ పుట్టిన పద్ధతిని పొరుగు రాష్ట్రములు మనకంటె ముందుగా విరివిగా వాడుకొనుట గమనింపదగినది.

ఇక చట్టము సంగతి. బాలల ఉచిత నిర్బంధ విద్యాహక్కు చట్టము 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చెను. దాని 23వ సెక్షను ప్రకారము ఉపాధ్యాయునకు జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి నిర్ణయించిన అర్హతలు ఉండి తీరవలెను. ఒకటి నుండి ఎనిమిది తరగతులు బోధించుటకు టెట్ పరీక్షలో ఉత్తీర్ణతయు 2010 ఆగష్టు నుండి అర్హతలలో చేరెను. అప్పటికే పనిచేయుచున్న శిక్షణ లేనివారికి మొదట అయిదేండ్ల గడువు ఇచ్చి, 2017లో చేసిన సవరణచే దానిని 2019 మార్చి 31 వరకు పొడిగించిరి. ఆ గడువు గతించినది. కావున నేడు అర్హత లేని వ్యక్తిని ఉపాధ్యాయునిగా నియమింపుమని తీర్మానించుట పంచాయతీకి తగదు. తాత్కాలికముగా పనిచేసినచో తరువాత స్థిరపరతురని ఆ యువజనులకు ఆశ కల్పించుటయు తగదు. అట్టి హక్కు లేదని సుప్రీంకోర్టు 2006లో ఉమాదేవి కేసున తీర్పు చెప్పియున్నది.

అట్లని ఊరి యువజనుల సేవ వలదనుట కాదు. సాయంకాలము పిల్లలచే చదివించుటకు, పుస్తకములు ఇచ్చి పుచ్చుకొనుటకు, బడి మానిన బిడ్డల ఇండ్లకు పోయి పిలుచుకొని వచ్చుటకు వారు అవసరమే. ఆ పనిలో ఉత్సాహము చూపిన యువతీయువకులకు ఉపాధ్యాయ శిక్షణలో ప్రవేశించు మార్గము చెప్పుట పంచాయతీ చేయదగిన ఉపకారము. కార్వేటినగరమున జిల్లా విద్యా శిక్షణ సంస్థ కలదు; తిరుపతిలో శిక్షణాలయములకు కొరత లేదు. 2025లో రాష్ట్రమంతట 16,347 స్థానములకు మెగా డి.ఎస్.సి. జరిగినప్పుడు దరఖాస్తు చేయుటకు అర్హత పత్రము ఉన్నవారికే అవకాశము దొరకినది. నగరి, కుప్పము వంటి సరిహద్దు ప్రాంతములలో తమిళ మాధ్యమపు బడులు కూడ కలవు గనుక, ఆ భాషలో బోధింపగలవారిని శిక్షణకు ప్రోత్సహించుట మరింత అవసరము.

పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు, సగము స్త్రీలు ఉండవలెను. స్థానిక సంస్థల ప్రతినిధులకును అందు చోటు కలదు. జూన్ నెలలో బడి తెరచుటకు ముందే సభ్యులు ఆ కమిటీతో కూర్చుండి మంజూరైన స్థానములెన్ని, నిండినవెన్ని అని వ్రాసికొని, లోటును మండల విద్యాధికారికి తీర్మానముగా పంపవలెను. అరువది మంది లోపు పిల్లలున్న ప్రాథమిక పాఠశాలకైనను ఇద్దరు ఉపాధ్యాయులుండవలెనని విద్యాహక్కు చట్టపు షెడ్యూలు చెప్పుచున్నది. మంజూరైన స్థానములలో పదవ వంతునకు మించి ఖాళీలుండరాదని 26వ సెక్షను శాసించుచున్నది. ఇద్దరుండవలసిన బడిలో ఒక్క స్థానము ఖాళీయైనను అది సగమగును గనుక, తీర్మానములో ఈ సెక్షనును పేర్కొని వ్రాయుట మంచిది.